ఫిరంగులు ఎటు తిరిగి ఉన్నాయి?

విశాఖపట్నంలో బీచ్ రోడ్డు మొదట్లో కోస్టల్ బ్యాటరీ అని ఒక చోటుంది. ఆటోవాళ్ళు రోజుకు వందసార్లు పలికే పేరు. చిన్నప్పుడు నాకు బ్యాటరీ అంటే టార్చిలైటులో వేసుకునేదే. సముద్రం ఒడ్డున అంత పెద్ద బ్యాటరీ ఎందుకు పెట్టారో, దాంతో ఏం వెలుగుతుందో అని చాలా కాలం ఆలోచించాను. అది ఓడల మీదికి గురిపెట్టే తీర ఫిరంగుల దళమని, ఆ పేరు అలా వచ్చిందని తెలిసేసరికి నేను ఎంఏ పొలిటికల్ సైన్స్‌లో ఉన్నాను. అప్పటికి సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు.

మా అమ్మమ్మకు ఫిరంగులతో పనిలేదు. ఆమెకు గుర్తున్నది ఆకాశం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినప్పుడు ఆమెకు ఎనిమిదేళ్ళు. శ్రీరామనవమి పందిళ్ళు విప్పిన కొత్త. ఒకటి రెండు రోజుల్లోనే వాళ్ళ వీధి ఖాళీ అయింది. వీళ్ళూ ఎడ్లబండి కట్టించుకుని విజయనగరం అవతల ఉన్న బంధువుల ఊరికి బయల్దేరారు. చీకట్లో, తొందరలో, బండి వెనక కట్టిన ఇత్తడి బిందె తాడు తెగి ఎక్కడో జారిపోయింది. అమ్మమ్మ ఆ బిందె గురించి బాధపడినంతగా బ్రిటిష్ సామ్రాజ్యం గురించి ఎన్నడూ బాధపడలేదు.

ఆ విమానాలు మన తీరం దాకా ఎలా రాగలిగాయన్న ప్రశ్నకు జవాబులో పెద్ద భాగం సింగపూర్‌లో ఉంది. విశాఖ మీద బాంబులు పడడానికి సరిగ్గా 50 రోజుల ముందు, 1942 ఫిబ్రవరి 15న, తూర్పున బ్రిటిష్‌వారి అజేయ దుర్గమని పేరుపడ్డ సింగపూర్ లొంగిపోయింది. మార్చి 8న రంగూన్, మార్చి 23న అండమాన్ జపాన్ చేతిలోకి వెళ్ళాయి. ఆ తరువాత బంగాళాఖాతానికి తలుపు అంటూ లేకుండా పోయింది.

2024 ఫిబ్రవరిలో వేరే పనిమీద సింగపూర్ వెళ్ళినప్పుడు ఇదంతా నా మనసులో లేదు. మా పెద్దమ్మ కొడుకు అక్కడ ఇరవయ్యేళ్ళుగా ఉంటున్నాడు. గురువారం సాయంత్రం అన్నయ్య వాళ్ళింట్లో కాఫీ తాగుతుంటే ఒక్కసారిగా సైరన్ మోగింది. నేను లేచి నిలబడ్డాను. వదిన మాత్రం బెండకాయలు తరుగుతూనే, "ఏం లేదు, కూర్చోండి. ఏటా మోగేదే" అంది. గడియారం 6.20 చూపిస్తోంది. తేదీ 15. జనరల్ పెర్సివల్ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టిన సమయానికి గుర్తుగా దేశమంతటా సైరన్ మోగిస్తారు. దాన్ని 'టోటల్ డిఫెన్స్ డే' అంటారు. గెలిచిన రోజును పండగ చేసుకునే దేశాలు చాలా ఉన్నాయి. ఓడిపోయిన రోజును నిమిషంతో సహా గుర్తుపెట్టుకునే దేశం ఇది. అది కూడా తన ఓటమి కాదు, తనను ఏలినవాడి ఓటమి.

సైరన్ మోగుతున్నంతసేపూ వదిన తలెత్తలేదు గాని కత్తి కాస్త నెమ్మదించింది. వాళ్ళబ్బాయి అప్పటికి నెలన్నర క్రితమే సైన్యంలో చేరాడు. చేరాడు అనడం కంటే చేరాల్సి వచ్చింది అనడం సరి. 1967 నుంచి అక్కడ మగపిల్లలకు నిర్బంధ సైనిక సేవ ఉంది. పౌరులకే కాదు, శాశ్వత నివాసం పొందిన తల్లిదండ్రుల ద్వారా ఆ హోదా వచ్చిన పిల్లలకూ తప్పదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం వెళ్ళి అక్కడే స్థిరపడ్డ మన కుటుంబాల్లో పిల్లాడికి పద్ధెనిమిది దగ్గర పడుతుంటే మొదలయ్యే చర్చ ఇదే. హోదా వదులుకుని వెనక్కి రావడమా, రెండేళ్ళు పంపడమా? అన్నయ్య వాళ్ళు పంపారు.

శనివారం వాడికి సెలవు దొరికింది. నున్నగా గుండు, ఎండకు మాడిన ముక్కు. "బాబాయ్, నీకు యుద్ధాలవీ ఇష్టం కదా, లాబ్రడార్ కోటకి వెళ్దామా?" అన్నాడు. అన్నయ్య కూడా బయల్దేరాడు. వదిన మంచినీళ్ళ సీసాలు, చేగోడీలు ఇచ్చి పంపింది.

కోట అనగానే మనకు గోల్కొండో, కొండవీడో గుర్తొస్తుంది. ఎత్తైన బురుజులు, మెట్లు, దర్వాజాలు. ఇది అలా కాదు. సర్కిల్ లైన్ మెట్రోలో లాబ్రడార్ పార్క్ స్టేషన్‌లో దిగి రోడ్డు దాటితే కోట కనిపించదు, ఉప్పుటేరు కనిపిస్తుంది. పేరు బెర్లేయర్ క్రీక్. దాని పక్కనే కిలోమీటరుకు కాస్త తక్కువగా చెక్కల బాట వేశారు. సింగపూర్ ప్రధాన భూభాగం దక్షిణాన మిగిలిన మడ అడవులు రెండే రెండు, అందులో ఇదొకటి. పోటు సమయానికి చెట్ల మొదళ్ళు నీళ్ళలో ఉంటాయి. మేము వెళ్ళింది ఆటుకు. బురద బయటపడి, అందులోంచి వేలకొద్దీ శ్వాసవేళ్ళు మొలల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. కాకినాడ దగ్గర కోరింగలో చెక్కల వంతెన మీద నడిచినవారికి ఆ వాసన పరిచయమే. ఉప్పు, కుళ్ళిన ఆకు, ఏదో పచ్చి చేప. బురద మీద వేలెడంత చేపలు రెక్కలతో పాక్కుంటూ ఎగురుతున్నాయి. తెల్ల మెడ లకుముకి పిట్ట ఒకటి మాకంటే పది గజాలు ముందు వాలుతూ దారి చూపించింది. ఇక్కడ 60 రకాల పక్షులను లెక్కపెట్టారట. ఆ దేశంలో ప్రకృతి కూడా హాజరు పట్టీలో ఉంటుంది.

ఏటికి అవతలి ఒడ్డు ఖాళీగా ఉంది. అది నిన్నమొన్నటి దాకా కెప్పెల్ క్లబ్బు వారి గోల్ఫ్ మైదానం. 2022లో క్లబ్బు ఖాళీ చేసింది. ఆ స్థలంలో సుమారు 9,000 ఇళ్ళు కట్టాలన్నది అప్పటికి ప్రభుత్వ ప్రణాళిక. అందులో 6,000 సర్కారు ఫ్లాట్లు. ఇళ్ళకు జనం ఏళ్ళ తరబడి ఎదురుచూసే ఊళ్ళో దీన్ని కాదనడం కష్టం. గోల్ఫ్ ఆడే కొద్దిమంది స్థానంలో వేల కుటుంబాలు రావడంలో అన్యాయమేమీ లేదు. కానీ మడ చెట్లు ఓటేయవు, ఫ్లాటుకు దరఖాస్తు పెట్టవు. 1951లో రక్షిత ప్రాంతంగా ప్రకటించిన లాబ్రడార్‌ను 1973లో మామూలు పార్కు స్థాయికి దించారు. 2002లో మళ్ళీ రక్షిత ప్రాంతం చేశారు. కాగితం మీద హోదా పెరిగి తగ్గి మళ్ళీ పెరిగిన యాభై ఏళ్ళూ చెట్టు ఉన్నచోటే ఉంది. ప్రకృతికి ఇచ్చే హామీలు ఎంతకాలం నిలుస్తాయో తెలుసుకోవడానికి ఇది చిన్న ఉదాహరణ.

ఏరు సముద్రంలో కలిసేచోట దృశ్యం ఒక్కసారి మారిపోతుంది. ఎడమ వైపు వంపులు తిరిగిన ఆకాశహర్మ్యాలు. ఎదురుగా, ఈత వచ్చినవాడు సాహసం చేయగలిగేంత దూరంలో, సెంటోసా దీవి. కేబుల్ కార్లు, రిసార్టులు, మన ట్రావెల్ ఏజెంట్లు అయిదు రోజుల ప్యాకేజీలో తప్పనిసరిగా కలిపే చోటు. ఆ పేరు మన సంతోషమే. సంస్కృతం నుంచి మలయ్‌లోకి వెళ్ళి శాంతి అన్న అర్థం తెచ్చుకుంది. 1970ల మొదట్లో పర్యాటకుల కోసం పెట్టిన పేరు అది. అంతకుముందు ఆ దీవిని పులావ్ బ్లాకాంగ్ మాటి అనేవారు. అందులో 'మాటి' అంటే చావు. ఆ పేరుతో ప్యాకేజీ టూర్లు అమ్మడం కష్టమే.

ఈ రెండు ఒడ్డుల మధ్య ఇరుకు నీటి దారే అసలు కథ. పడమటి నుంచి కెప్పెల్ రేవులోకి వచ్చే ఓడ దీన్నుంచే రావాలి. పూర్వం ఇక్కడ నీళ్ళలో కోరలా నిలబడ్డ ఒక రాయి ఉండేది. చైనా నావికులు 'డ్రాగన్ పంటి ద్వారం' అన్నారు. మలయ్ జనం 'బాతు బెర్లాయర్', అంటే తెరచాప రాయి అన్నారు. ఏటికి ఆ పేరే మిగిలింది. రాయి మాత్రం మిగల్లేదు. ఓడల దారి వెడల్పు చేయడానికి బ్రిటిష్ సర్వేయరు జాన్ థామ్సన్ 1848లో దాన్ని పేల్చేయించాడు. 2005లో దానికి నకలు చేయించి ఒడ్డున నిలబెట్టారు. ఉన్నదాన్ని పేల్చడం, లేనిదానికి బొమ్మ పెట్టడం అన్ని ప్రభుత్వాలకూ తెలిసిన విద్యే.

నకలు రాయి దగ్గర నిలబడి చేగోడీలు తిన్నాం. కింద అలలు నల్లరాళ్ళను తడుపుతున్నాయి. ప్రధాన భూభాగంలో రాతి సముద్రతీరం, దాని మీద కొండ అడవి కలిసి మిగిలిన చోటు ఇదొక్కటే. ఆ రాళ్ళ సందుల్లో పీతలు, నీళ్ళ కింద సముద్రపు గడ్డి ఉంటాయి. నేను చూసిన నాలుగు నెలలకు, 2024 జూన్ 14న, పాసిర్ పాంజాంగ్ టెర్మినల్ దగ్గర 'వాక్స్ మాక్సిమా' అనే డ్రెడ్జర్ అదుపు తప్పి, ఆగి ఉన్న 'మెరైన్ ఆనర్' అనే ఇంధన నౌకను ఢీకొంది. సుమారు 400 టన్నుల చమురు సముద్రంలో కలిసింది. సెంటోసాతో పాటు ఈ రాళ్ళకూ అంటుకుంది. అన్నయ్య ఫొటోలు పంపాడు. మేం కూర్చున్న చోట అడ్డంగా పసుపు టేపు, కింద నీళ్ళ మీద తారులాంటి తెట్టు. రేవును కాపాడడానికి కోట కట్టిన చోట, రేవు నుంచి తీరాన్ని కాపాడాల్సి వచ్చింది.

అక్కణ్ణుంచి కొండ మెట్లు ఎక్కాలి. ఉక్కపోత. కొండంటే మరీ కొండ కాదు, మన కైలాసగిరి ముందు గుట్ట. చెట్ల మధ్య మొదట కనిపించేది ఒక పాత గోడ. మర్రి జాతి చెట్టొకటి వేళ్ళతో దాన్ని పట్టుకుని ఉంది. గోడ చెట్టును నిలబెట్టిందో, చెట్టు గోడను నిలబెట్టిందో చెప్పలేం. ఇదే ఫోర్ట్ పాసిర్ పాంజాంగ్. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఆవిరి ఓడలు బొగ్గు కోసం ఇక్కడ ఆగడం పెరిగింది. ఆ బొగ్గు నిల్వలను, రేవును కాపాడుకోవడానికి 19వ శతాబ్దంలో బ్రిటిష్‌వారు కట్టిన 11 తీర ఫిరంగి కోటల్లో ఇదొకటి. అప్పట్లో వాళ్ళ భయం రష్యా నౌకలు. 1930లకు భయం పేరు జపాన్ అయింది. లాబ్రడార్ బ్యాటరీ పేరుతో ఇక్కడ 6 అంగుళాల ఫిరంగులు రెండు పెట్టారు. 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఓడను కొట్టగలవి. ఎదురు ఒడ్డున ఫోర్ట్ సిలోసో. ఇద్దరు కాపలాదారుల మధ్య గుమ్మం అన్నమాట.

ఫిరంగి వేదిక ఇంకా ఉంది. గుండ్రటి సిమెంటు గుంట, పక్కన గుండ్లు దాచే అరలు. బ్యాటరీ అంటే ఇది.

"ఇవన్నీ తప్పు దిక్కుకు పెట్టార్రా. సముద్రం వైపు పెట్టారు, జపాన్ వాళ్ళు వెనకనుంచి వచ్చారు. అందుకే పోయింది సింగపూర్" అన్నాడు అన్నయ్య. ఇరవయ్యేళ్ళుగా వింటున్న మాట. మన పుస్తకాల్లోనూ ఉన్న మాట. నేనూ పరీక్షలో రాశాననుకుంటాను.

"అది నిజం కాదు నాన్నా" అన్నాడు పిల్లాడు. వాడు సైన్యంలో నేర్చుకున్నదో, బళ్ళో నేర్చుకున్నదో గాని కరెక్టుగానే చెప్పాడు. ఫిరంగుల్లో చాలావరకు తిరిగాయి. చాంగీ దగ్గర 15 అంగుళాల ఫిరంగులు ఉత్తరానికి తిరిగి పేలాయి. తిరగలేనివి బ్యోనా విస్టాలోని రెండు. 1942 ఫిబ్రవరి 13, 14 తేదీల్లో పాసిర్ పాంజాంగ్ గుట్టల మీద మలయ్ రెజిమెంటు ఆఖరి పోరాటం చేస్తున్నప్పుడు లాబ్రడార్ ఫిరంగులూ నేల వైపుకు తిరిగి కాల్చాయి. చిక్కు దిక్కులో లేదు, గుండులో ఉంది. ఓడల ఉక్కు తొడుగును చీల్చుకుని లోపలికి పోయి పేలేలా చేసిన గుండ్లు అవి. మెత్తటి నేలమీద పడితే లోతుగా దిగబడిపోతాయి. పరుగెత్తే పదాతి సైనికుడికి వాటితో పెద్ద ప్రమాదం లేదు.

అయితే గుండ్లు సరైనవి ఉన్నా ఏం జరిగేది? రాజనీతి శాస్త్రం చదువుకున్న పాపానికి ఈ ప్రశ్న దగ్గర నేను కాసేపు ఆగుతాను. సెంబవాంగ్‌లో 1938లో ప్రారంభించిన నౌకాస్థావరానికి 6 కోట్ల పౌండ్లు ఖర్చయింది. దాని వెనక ఉన్న ఆలోచన ఒక్కటే. ప్రమాదం వస్తే ఇంగ్లండ్ నుంచి నౌకాదళం బయల్దేరి వస్తుంది, అప్పటిదాకా కోట ఆగాలి. 1941 నాటికి ఆ నౌకాదళానికి అట్లాంటిక్‌లో, మధ్యధరాలో ఊపిరాడడం లేదు. విమాన రక్షణ లేకుండా పంపిన రెండు పెద్ద యుద్ధనౌకలు డిసెంబర్ 10న మునిగిపోయాయి. అన్నిటికంటే చేదైన సంగతి మరొకటి ఉంది. దాడి సముద్రం వైపు నుంచి కాక మలయా ఉత్తర తీరంలో దిగి, నేల మీదుగా రావచ్చని 1937లోనే ఒక స్టాఫ్ అధికారి నివేదిక తయారుచేశాడు. ఆయన పేరు ఆర్థర్ పెర్సివల్. అయిదేళ్ళ తరువాత లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టింది ఆయనే. జపాన్ సైన్యం ముంచుకొస్తున్నప్పుడు, ద్వీపం ఉత్తర తీరంలో రక్షణ ఏర్పాట్లు చేద్దామని ఆయన ఇంజనీరింగ్ అధిపతి సింసన్ బతిమాలితే, దాంతో జనం, సైనికులు ధైర్యం కోల్పోతారని ఒప్పుకోలేదు.

ఫిరంగి తప్పు దిక్కుకు ఉందంటే తప్పు ఎవరో ఇంజనీరుది. నవ్వుకుని వదిలేయొచ్చు. ఫిరంగి తిరిగింది, హెచ్చరికా ఉంది, అయినా పోయింది అంటే అప్పుడు లండన్‌లో బల్ల చుట్టూ కూర్చున్న పెద్దమనుషుల పేర్లు చెప్పాల్సి వస్తుంది. అబద్ధం ఎనభై ఏళ్ళుగా బతికి ఉన్నది అందుకే అని నా అనుమానం.

ఫిరంగి దగ్గర సైనికుల విగ్రహాలు పెట్టారు. మోచేతుల దాకా చొక్కాలు మడిచి పనిలో ఉన్నట్టు. పిల్లలు వాటి మధ్య నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నేను వెతికింది వేరే ముఖాలు. 1941 డిసెంబర్ 8న కోటబారు ఇసుకలో జపాన్ పడవలను మొదట ఎదుర్కొన్నది 8వ ఇండియన్ బ్రిగేడ్. అక్కణ్ణుంచి 70 రోజులు వెనక్కి వెనక్కి జరుగుతూ సింగపూర్ దాకా వచ్చిన సైన్యంలో సగం మంది మనవాళ్ళే. తీర ఫిరంగులకే ప్రత్యేకంగా హాంకాంగ్ అండ్ సింగపూర్ రాయల్ ఆర్టిలరీ అని ఒక దళం ఉండేది. అందులో సిపాయిలు ఎక్కువగా పంజాబీలు. సింగపూర్‌లో లొంగిపోయిన సుమారు 85,000 మందిలో 45,000 దాకా భారతీయులు.

వాళ్ళను ఏం చేశారు? మేం కొండ ఎక్కిన తేదీ ఫిబ్రవరి 17. 1942లో అదే తేదీన భారతీయ సైనికులందరినీ ఫారర్ పార్కు మైదానంలో కూర్చోబెట్టారు. బ్రిటిష్ కల్నల్ హంట్ వాళ్ళను జపాన్‌కు అప్పగిస్తున్నట్టు ప్రకటించాడు. జపాన్ మేజర్ ఫుజివారా మాట్లాడాడు. ఆ తరువాత కెప్టెన్ మోహన్ సింగ్ లేచి ఇండియన్ నేషనల్ ఆర్మీ సంగతి చెప్పాడు. ఒక పూట గడిచేలోగా వాళ్ళు ఒక రాజు సిపాయిలు, తరువాత మరో రాజు ఖైదీలు, తరువాత తమ దేశపు సైనికులు. చాలామంది చేరారు. చాలామంది ససేమిరా అన్నారు. కాదన్నవాళ్ళలో వేలమందిని న్యూగినీ దీవులకు కూలి పనికి తోలారు, అక్కడ ఆకలికీ రోగానికీ పోయినవాళ్ళు పోయారు. చేరినవాళ్ళను దేశభక్తులన్నాం, సరే. చేరనివాళ్ళను ఏమనాలో మన పాఠ్యపుస్తకాలు ఇంతవరకూ చెప్పలేదు. ఇచ్చిన మాటకు కట్టుబడ్డవాడు ద్రోహి ఎలా అవుతాడు?

ఈ చుట్టుపక్కలే మరో ఫిబ్రవరి 15 కూడా ఉంది. 1915లో, సైన్యం లొంగిపోవడానికి సరిగ్గా 27 ఏళ్ళ ముందు, ఈ కొండకు ఉత్తరాన ఉన్న అలెగ్జాండ్రా బారక్స్‌లో 5వ లైట్ ఇన్‌ఫాంట్రీ భారతీయ సిపాయిలు తిరగబడ్డారు. తమను తుర్కీ మీదికి, తోటి ముస్లింల మీదికి పంపిస్తారని పుకారు. నిజానికి వాళ్ళ ప్రయాణం హాంకాంగ్‌కు. తిరుగుబాటు అణిగాక 47 మందిని ఔట్‌రం జైలు గోడ దగ్గర, జనం చూస్తుండగా కాల్చి చంపారు. ఆ కాలమంతా ఈ కొండ మీది ఫిరంగులు సముద్రం వైపు చూస్తూనే ఉన్నాయి.

నేను ఇదంతా చెబుతుంటే పిల్లాడు చెప్పులతో నేల గీస్తూ విన్నాడు. తరువాత వాడొక సంగతి చెప్పాడు. పాసిర్ పాంజాంగ్‌లో బుకిట్ చాందు గుట్ట మీద మలయ్ రెజిమెంటులో ఒక చిన్న దళానికి లెఫ్టినెంట్ అద్నాన్ సైదీ నాయకుడు. ఫిబ్రవరి 14న తలపాగాలు చుట్టుకున్న పంజాబీ సైనికుల దండు ఒకటి గుట్ట వైపు నడిచి వచ్చిందట. బ్రిటిష్ పద్ధతిలో సైనికులు ముగ్గురేసి నడుస్తారు. వాళ్ళు నలుగురేసి నడుస్తున్నారు. జపాన్‌వాళ్ళు వేషం వేసుకొచ్చారని అద్నాన్ పట్టేశాడు. సింగపూర్‌లో పిల్లలందరికీ తెలిసిన కథ ఇది. "మాకూ ముగ్గురేసే బాబాయ్. మొదటిరోజు డ్రిల్‌లో నేను నాలుగోవాడిగా నిలబడ్డాను. సార్జెంటు నన్ను జపాన్ గూఢచారి అన్నాడు" అని నవ్వాడు.

అన్నయ్య నవ్వలేదు. చాలాసేపటి నుంచి మాట్లాడడం లేదు. "యుద్ధం వస్తే వీణ్ణి నిజంగా పంపిస్తారంటావా?" అన్నాడు నాతో, ఇంగ్లిషులో, పిల్లాడికి తెలుగు కంటే ఇంగ్లిషే బాగా వచ్చునన్న సంగతి మరిచిపోయి. నేను ఏం చెప్పను? సైన్యం ఉన్నది అందుకే. 1942 నుంచి సింగపూర్ నేర్చుకున్న పాఠం, మనల్ని కాపాడడానికి ఎక్కడినుంచో ఎవరో ఓడలెక్కి రారు అని. ఆ పాఠం నుంచే ఈ నిర్బంధ సేవ వచ్చింది. తర్కం సరిగ్గానే ఉంది. కానీ విశాఖ నుంచి వచ్చి ఫ్లాటు కొనుక్కుని, ఇంకా ఆవకాయ ఊరినుంచే తెప్పించుకునే మనిషి తన కొడుకు విషయంలో ఆ తర్కాన్ని ఒప్పుకోవడానికి టైము పడుతుంది. ఫారర్ పార్కులో కూర్చున్న 45,000 మందినీ ఎవరూ అడగని ప్రశ్న, నువ్వు ఎవరి కోసం అన్నది. ఈ పిల్లాడికి కనీసం ఆలోచించుకునే వ్యవధి ఉంది. పుట్టింది ఇక్కడే, స్నేహితులు ఇక్కడే. "ఇది నా ఊరే కదా నాన్నా" అన్నాడు వాడు, తేలిగ్గా, తెలుగులో.

దిగేదారిలో సొరంగం తలుపు ఉంది. గుండ్లు దాచడానికి కొండలోకి తవ్వినవి. 2001లో మళ్ళీ బయటపడ్డాయి. కొన్నాళ్ళు జనాన్ని లోపలికి తీసుకెళ్ళేవారు. మేం వెళ్ళేసరికి ఇనుప తలుపు మూసి ఉంది. సముద్రం కిందుగా సెంటోసా దాకా సొరంగం ఉందని ఒక పుకారు. ప్రతి కోట కింద ఒక సొరంగం, అది పక్క ఊరి కోట దాకా వెళ్ళడం మనకు కొత్తా? తలుపు మీద చెయ్యి వేస్తే ఆ ఉక్కపోతలోనూ చల్లగా తగిలింది. గుమ్మం పైన చీమలు బారు కట్టి లోపలికి పోతున్నాయి. వాటికి అనుమతి ఉన్నట్టుంది.

అక్కడ నీడలో కూర్చుని అన్నయ్య విశాఖకు వీడియో కాల్ చేశాడు. అమ్మమ్మ మొహం ఫోన్‌లో సగమే పడింది, కళ్ళద్దాలు, నుదురు. మునిమనవణ్ణి చూసి మొదట అడిగిన మాట: "ఏటిరా ఆ గుండు? తిరుపతెళ్ళొచ్చారేటి?" సైన్యం అని చెబితే, "అన్నం సరిగా పెడుతున్నారా?" అంది. పిల్లాడు ఫోన్ తిప్పి సముద్రం చూపించాడు. ఓడలు, ఎదురుగా దీవి, దూరంగా బుకోమ్ చమురు కర్మాగారం గొట్టాలు. "తాతమ్మా, 1942లో జపాన్ వాళ్ళు దీన్నే పట్టుకున్నారు. తరువాత మీ వైజాగ్ వచ్చారు."

అమ్మమ్మ కాసేపు ఫోన్‌లోకి దగ్గరగా చూసింది. "ఇంత నీరుంది, ఎవుళూ ఆపలేదేటి?" అంది. తరువాత, అదేదో నిన్న జరిగినట్టు, "ఆ యేడే మా బిందె పోయింది" అంది.

ఫోన్ పెట్టేశాక మెట్లు దిగుతుంటే పిల్లాడు నా పక్కకు వచ్చాడు. "బాబాయ్, బిందె అంటే ఏంటి?"

ఇత్తడిదని, నడుం మీద పెట్టుకుని నీళ్ళు మోస్తారని, మెడ సన్నగా పొట్ట లావుగా ఉంటుందని, చేతులతో గాల్లో గీస్తూ స్టేషన్ దాకా చెప్పాను.